పక్కవాడి రెండో భాష

తేదీ లేని మాటను నేను నమ్మను. అంకె లేని వాదాన్ని చెవిన పెట్టను. ముప్పై ఆరేళ్ళపాటు పొలాల హద్దులు కొలిచి, కొలతల పుస్తకాలు రాసి సంపాదించుకున్న అలవాటు ఇది. అయినా ఈ రాతలో ఒక్క మనిషి పేరు గాని, ఒక్క తేదీ గాని వేయడం లేదు. పేరు వేస్తే మనిషి బయటపడతాడు. తేదీ వేస్తే నా తప్పుకు ఎన్నేళ్ళు నిండాయో ఎవరైనా లెక్క కట్టగలరు.

మొన్న శనివారం మా ఊరి ప్రాథమిక పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. హాజరైనవారు నలభై అయిదుగురు. తీర్మానాల పుస్తకం రాయడానికి దస్తూరీ బాగుంటుందని నన్ను పిలిచారు. విషయం ఒక్కటే: మూడో తరగతి నుంచి పిల్లలందరికీ హిందీ తప్పనిసరి చేసి, పరీక్ష పెట్టి, ఆ మార్కులు మొత్తంలో కలపాలా వద్దా.

"మీరంతా ఒప్పుకుంటేనే మొదలుపెడదామండీ," అంది కొత్తగా వచ్చిన పంతులమ్మ.

ముందు బెంచీలోని ఒక రైతు లేచాడు. "అమ్మా, మావాడికి తెలుగు ఒత్తులే రావు. ఇంగ్లీషు పుస్తకం తీస్తే జ్వరం వస్తది. ఇప్పుడు ఇంకోటి కూడా నెత్తికెక్కిస్తే బడి మానేసి మిరపకోతకు పోతాడు."

"పోనీయ్, నీకు ఒక కూలీ కలిసొస్తాడు!" అన్నారు వెనక నుంచి. అందరూ నవ్వారు.

"నవ్వులాట కాదండీ," అన్నాడు మిరప వ్యాపారం చేసే ఒకాయన. "గుంటూరు యార్డుకొచ్చే కొనుగోలుదార్లలో సగం మందికి హిందీ తప్ప రాదు. ఇరవయ్యేళ్ళుగా చేతులూపి మాట్లాడుతున్నా. మా పిల్లకు ఆ ఖర్మ వద్దు."

అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ అంది: "అట్టయితే సాయిబుల పిల్లలకేగా లాభం! వాళ్ళకి ఇంట్లోనే వచ్చేస్తది. ఉత్తినే మార్కులు."

నా కలం ఆగిపోయింది. ఆ మాటను ఆ బడిలో మొట్టమొదట అన్నది నేను. అప్పుడు నాకు పదేళ్ళు. ఎవరి గురించి అన్నానో ఆ మనిషి, ఇప్పుడు తెల్లగడ్డంతో, మనవరాలి తరఫున వచ్చి, చివరి బెంచీలో నా కళ్ళెదుటే కూర్చుని ఉన్నాడు.

*

అయిదో తరగతిలో మాది ఒకటే బల్ల. అతడు నా ఎడమ పక్కన కూర్చునేవాడు కనుక ఇక్కడ అతణ్ణి పక్కవాడు అనే అంటాను. వాళ్ళది దూదేకేవారి ఇల్లు. మా పత్తి పొలాల్లో తీతలు ముగిశాక అతని తండ్రి నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి, పంచలో కూర్చుని దూది ఏకేవాడు. తంతి మీద చెక్క గుబ్బ పడ్డప్పుడల్లా ఒక బరువైన నాదం పుట్టి ఇంటి దూలాల దాకా పాకేది. ఏకిన దూది గాలికి లేచి మా నాయనమ్మ తలపై వాలితే, ఆమెకు ఉన్న నెరిసిన జుట్టు చాలదన్నట్టు ఇంకొంత తెలుపు కలిసేది.

మా మాస్టారు పొన్నూరు వైపు నుంచి వచ్చారు. మాగాణి మనిషి, వరిచేల గాలికి అలవాటు పడ్డ ముక్కు ఆయనది. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసే కాలంలో మా ఊరి గాలి ఆయనకు గిట్టేది కాదు. పాఠం నడుమ ఎన్నిసార్లు తుమ్ముతారో నేను పలక అంచున గీతలు పెట్టేవాణ్ణి. ఒకనాడు ఇరవై మూడు వచ్చాయి.

ఆ ఏడు మాస్టారు ఒక నియమం పెట్టారు. అయిదో తరగతివాళ్ళంతా సాయంత్రం ఒక గంట ఉండి హిందీ నేర్చుకోవాలి. అప్పట్లో ఇంగ్లీషు ఆరో తరగతిలో గాని మొదలయ్యేది కాదు కనుక మాకు అదే రెండో భాష. మిగతా నాలుగు సబ్జెక్టులతో సమానంగా దానికీ యాభై మార్కులు.

"హిందీ నేర్చుకుని ఎవరితో మాట్లాడతాడయ్యా, గేదెలతోనా?" అంది నాయనమ్మ, పత్తిగింజలు రుబ్బుతూ.

"మాస్టారు పెట్టాడు, చదవాల్సిందే," అన్నాడు నాన్న. "ఎన్ని భాషలు పెట్టినా ఫస్టు మాత్రం మనవాడే."

ఫస్టు రావడంలో ఒక విశేషం ఉంది. పట్నం హైస్కూలు హాస్టలులో మా బడికి ఏటా ఒక్క ఉచిత సీటు ఇచ్చేవారు. మొత్తం మార్కుల్లో మొదట నిలిచినవాడి పేరు మాస్టారు ఉత్తరంలో రాసి పంపితే వాడు వెళ్ళాలి. మాకు పన్నెండు ఎకరాలుండేవి. సీటు లేకపోయినా నాన్న నన్ను చదివించగలడు. పక్కవాడికి ఆ ఉత్తరం తప్ప వేరే దారి లేదు. ఈ సంగతి నాకు అప్పుడే స్పష్టంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నాలుగు సబ్జెక్టుల్లోనూ నేనే ముందుండేవాణ్ణి. హిందీ మొదలైన మూడో వారానికల్లా నా లోకం తలకిందులైంది. మాస్టారు ఒక మాట పలకగానే పక్కవాడు దాన్ని అందుకుని ఇంకో రెండు మాటలు చేర్చి తిరిగి ఇచ్చేవాడు. మా నోళ్ళలో ఆ మాటలు ఉడకని కందిపప్పులా పలుకుపలుకుగా ఉండేవి. అతని నోట్లో కరిగిపోయేవి. మాస్టారు తుమ్ము మరచి నవ్వేవారు. ఆ నవ్వు అంతకు మునుపు ఎక్కాలు అప్పజెప్పినప్పుడు నాకు మాత్రమే దక్కేది.

నాకు కడుపు మండింది. ఆ మంటకు నేను వెంటనే ఒక లెక్క కనిపెట్టాను: 'వాడు సాయిబుల పిల్లవాడు. తురకం వాళ్ళింటి భాష. తురకం, హిందీ ఒకటే. కనుక వాడికి ఉత్తినే వస్తోంది.' మా ఊళ్ళో పెద్దలంతా అలాగే అనుకునేవారు కాబట్టి ఈ లెక్కను సరిచూడాలని నాకు తోచలేదు.

ఒకనాడు పద్యం అప్పజెప్పే వేళకు ముందు, మా కళ్ళంలో తాలు ఏరేటప్పుడు దాచిన ఎండుమిరపకాయ ఒకటి తెచ్చి, పక్కవాడు పలక తుడుచుకునే గుడ్డలో నలిపి ఉంచాను. పలక తుడిచాడు. చెమట పట్టిందని అదే గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు నిప్పుల్లా అయ్యాయి, బుగ్గల మీద నీళ్ళు ధారకట్టాయి.

"ఏరా, ఏమైంది?" అన్నారు మాస్టారు.

"మిరప ఘాటండీ. గాలిలో వచ్చింది," అన్నాడు.

ఆ ఏడుపు కళ్ళతోనే నిలబడి పద్యం మొత్తం, పద్నాలుగు పాదాలు, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. మాస్టారి కళ్ళూ చెమర్చాయి, పిల్లవాడు అర్థం గ్రహించి కరిగిపోయాడనుకుని! నా మిరపకాయ వాడికే మెప్పు తెచ్చిపెట్టింది.

*

పరీక్షలు అయ్యాయి. ఒక గురువారం మాస్టారు మార్కుల కాగితం గోడకు అంటించారు. నాలుగు సబ్జెక్టుల్లో నావి నూట డెబ్బై ఒకటి, పక్కవాడివి నూట అరవై ఎనిమిది. హిందీలో నాకు నలభై ఒకటి. అతనికి వచ్చినవి కలిపితే మొత్తంలో నన్ను దాటాడు. రెండు మార్కులు దాటాడు. ఆ రెండు మార్కులనూ మొన్నటి శనివారం దాకా మోశాను.

ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణీ మాస్టారి గదికి వెళ్ళాను. ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని మరమరాలు తింటున్నారు.

"ఏరా, ఏం కావాలి?"

"మార్కుల గురించండీ. వాడిది వాళ్ళింటి భాష కదండీ. ఉత్తినే వచ్చిన మార్కులు కలపడం న్యాయమేనాండీ?"

మాస్టారు తినడం ఆపారు. ఆయన న్యాయం తప్పని మనిషి. అందుకే నా మాట ఆయనకు గుచ్చుకుంది.

మర్నాడు తరగతిలో పక్కవాణ్ణి నిలబెట్టారు. "ఒరేయ్, ఉన్నదున్నట్టు చెప్పు. మీ ఇంట్లో ఈ భాష మాట్లాడుకుంటారా?"

పక్కవాడు మాస్టారిని చూశాడు. వెనక బల్లలో మసీదు వీధి పిల్లలు ముగ్గురున్నారు, వాళ్ళను చూశాడు. తల వంచాడు.

"మాట్లాడతామండీ."

మాస్టారు నిట్టూర్చి, గోడ మీది కాగితంలో అతని హిందీ మార్కుల మీదుగా ఎర్రగీత గీశారు. నాది మొదటి స్థానమైంది. ఉత్తరం సోమవారం పొద్దున టపాలో వెళ్తుందన్నారు.

*

శనివారం నాన్న నన్ను పక్కవాడి ఇంటికి పంపాడు. నేను ఫస్టు వస్తానన్న ధీమాతో హాస్టలుకు కావలసిన పరుపు నెల ముందే వాళ్ళకు చెప్పి ఉంచాడు. మామూలుగా మా పంచలోనే ఏకేవారు. కానీ ఆ ఏడు పంచ నిండా మిరపకాయలు పోసి ఉన్నాయి. దూదిలో మిరప దుమ్ము కలిస్తే ఆ పరుపు మీద పడుకున్నవాడికి నిద్రుండదు. అందుకని పత్తిమూట వాళ్ళింటికే పంపారు.

నేను వెళ్ళేసరికి పక్కవాడి తల్లి నేలమీద పరుపు లోపలి గుడ్డ పరిచి, దాని మీద దూది సర్దుతోంది. ఆ గుడ్డ నిండా బొగ్గుతో రాసిన అక్షరాలు. తెలుగు అక్షరాలే; చదివితే హిందీ మాటలు. ప్రతి మాట పక్కనా దాని తెలుగు. కొన్ని చోట్ల తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంది.

"ఇదేంటత్తా?"

"మావాడి పిచ్చి రాతలు బాబూ. కాగితాలు కొనలేంగా, పాత గుడ్డ కనిపిస్తే చాలు. ఎట్టాగూ దూది కిందకి పోయేదేగా అని ఊరుకున్నా. మీ పరుపుకి పైగుడ్డ కొత్తదేలే, మీ నాయనకి చెప్పమాక."

"ఇంట్లో వచ్చిందాన్ని మళ్ళీ రాసుకోవడం దేనికి?"

ఆమె పనాపి నవ్వింది. "ఇంట్లో ఎక్కడ బాబూ? మా అత్తకి నమాజు తప్ప ఒక్క ముక్క రాదు. అదీ అర్థం తెలియకుండా చదవడమే. మా ఆయనకీ తెలుగే, నాకూ తెలుగే. వీడే, దూది కోసం జిన్నింగు మిల్లుకి పోయినప్పుడల్లా లారీలోళ్ళ వెనక పడి తిరుగుతాడు. వాళ్ళకి నీళ్ళు మోసి, టీ తెచ్చిపెట్టి, రోజుకి అయిదు మాటలు అడిగి తెచ్చుకుంటాడు. ఆరోది అడిగితే కసురుతారంట."

"మరి నిన్న బళ్ళో మాట్లాడతామని చెప్పాడు?"

ఆమె చేయి దూదిలోనే ఉండిపోయింది. "అట్టా అన్నాడా? రాదంటే నవ్వరూ, సాయిబులై ఉండి మీ మాట మీకు రాదా అని? మసీదు కాడ వాళ్ళ నాయన్ని అట్టాగే అంటారు. వాడు వింటానే ఉంటాడు." తర్వాత తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. "ఏం బాబూ, దానివల్ల వాడికేమన్నా అయిందా?"

"ఏం లేదత్తా," అన్నాను.

ఆమె నాకు జొన్నరొట్టె పెట్టింది. మీద కొరివికారం, దాని మీద ఉసిరికాయంత వెన్న. రెండున్నర రొట్టెలు తిన్నాను. మా ఇంట్లో అంతకన్నా మెత్తని రొట్టెలు, అంతకన్నా పెద్ద వెన్నముద్దలు ఉండేవి. అయినా ఇంత రుచిగల రొట్టె వాడు రోజూ తింటాడని, రొట్టె మింగుతూ కూడా అసూయపడ్డాను.

అంతలో పక్కవాడు వచ్చాడు. జుట్టు నిండా దూది.

"ఒరేయ్, పరుపు నీకా?" అన్నాడు. "దాంట్లో ఎనభై నాలుగు మాటలున్నాయి. మెల్లిగా పడుకో, నలిగిపోతాయి."

వాళ్ళమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. శనివారం సాయంత్రం అయిదు గంటల నుంచి సోమవారం పొద్దున తొమ్మిది దాకా నలభై గంటలు. మాస్టారి గది మా ఇంటికి నూట పది అడుగుల దూరం. నేను వెళ్ళలేదు. సోమవారం టపా మనిషి సంచిలో ఆ ఉత్తరం వెళ్ళిపోయింది.

*

ఆ పరుపు మీద అయిదేళ్ళు పడుకున్నాను. హాస్టలులో హిందీ పరీక్ష వచ్చినప్పుడల్లా వీపు కింద ఎనభై నాలుగు మాటలు ఉన్నాయని గుర్తొచ్చేది. ఒక్కటీ పైకి వచ్చి నాకు సాయం చేయలేదు. హిందీలో నా మార్కులు నూటికి నలభై రెండు ఎన్నడూ దాటలేదు.

పక్కవాడు విల్లు పట్టాడు. తర్వాత రోడ్డు పక్కన చిన్న పరుపుల కొట్టు పెట్టాడు. ఉద్యోగంలో చేరాక జీపులో ఆ దారిన వెళ్తూ ఎన్నోసార్లు చూశాను: ఉత్తరాది లారీలు అతని కొట్టు ముందు ఆగి ఉండేవి. డ్రైవర్లు నులకమంచం మీద కూర్చుని, మాట మీద మాట వేసుకుంటూ, కడుపు పట్టుకుని నవ్వేవారు. వాళ్ళ నడుమ అతడు. ఊళ్ళో పత్తి లోడు దగ్గర గొడవైనా, కోతకొచ్చిన పరాయి రాష్ట్రం కూలీకి జబ్బు చేసినా, అతణ్ణే పిలుచుకెళ్ళేవారు. నా చేతిలో కొలత గొలుసు, జేబులో ప్రభుత్వ ముద్ర ఉండగా, నేను జీపు అద్దంలోంచి వెనక్కి తిరిగి తిరిగి చూసేవాణ్ణి. అతని సీటు తీసుకున్నాను. అతని నవ్వును నా దగ్గరికి తెచ్చుకోలేకపోయాను.

ఇన్నేళ్ళలో అతనితో మాటలు తగ్గలేదు. పెళ్ళిళ్ళకు పిలుచుకున్నాం, చావులకు వెళ్ళాం. ఆ ఒక్క మాట మాత్రం నేను చెప్పలేదు.

*

సమావేశంలో కిటికీ పక్క ఆవిడ మాట అయ్యాక, చివరి బెంచీలోంచి అతడు నెమ్మదిగా లేచాడు.

"అమ్మా, మా ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మా మనవరాలు కూడా మీ పిల్లలాగానే సున్నా నుంచి మొదలెట్టాలి. నా సలహా అడిగితే, అందరికీ పెట్టండి. ఇష్టమున్నోళ్ళే చదవండి అంటే ఉన్నోడు ట్యూషన్ పెట్టుకుంటాడు, లేనోడు లారీల వెంట తిరుగుతాడు. మార్కులు కూడా అందరివీ కలపండి. ఎవడికి ఉత్తినే వచ్చిందో, ఎవడికి ఏడిస్తే వచ్చిందో, కాగితం చూసి చెప్పడం ఎవరివల్లా కాదు."

చేతులెత్తమంటే అవునన్నవి ఇరవై ఎనిమిది, కాదన్నవి పదిహేను. ఎత్తని వారు ఇద్దరు. ఒకరు, చంకలో పిల్ల ఉన్న తల్లి. రెండోవాణ్ణి నేను.

అందరూ వెళ్ళాక గేటు దాకా అతనితో నడిచాను. ఎదుటి కళ్ళంలో మిరపకాయల మీద నీళ్ళు చిలకరిస్తున్నారు. తడిసిన ఘాటు ముక్కుకు తగిలింది.

"ఒరేయ్," అన్నాను, "నీ మార్కులు కొట్టేయించింది నేనేరా."

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ గురువారం నుంచే. మాస్టారికి మంచినీళ్ళు తెస్తూ తలుపవతల ఉన్నా."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అడిగితే ఏం చేసేవాడివి? హాస్టలు నుంచి తిరిగొచ్చేవాడివా?" అతడు తుమ్మి, గడ్డం తుడుచుకున్నాడు. "నిన్ను తిట్టుకోలేదనుకోకు. నువ్వు పాసయిన ప్రతి పరీక్షకీ తిట్టుకున్నా. కానీ మాట్లాడతామండీ అన్నది నేనే కదా. సగం నీది, సగం నాది."

"సగం కాదు," అన్నాను. "మీ అమ్మ నన్ను అడిగింది. దానివల్ల వాడికేమన్నా అయిందా అని. ఇంకా రెండు రోజులు టైముంది. ఏం లేదన్నాను."

ఇది అతనికి తెలియదు. కళ్ళం వైపు తల తిప్పాడు.

"అడిగిందా," అన్నాడు. "నాతో చెప్పనే లేదు."

ఏం మాట్లాడాలో తోచనప్పుడు నేను అంకెల్లోకి వెళ్తాను. "నలభై ఆరు వచ్చాయి నీకు. రెండు మార్కుల్లో నన్ను దాటావు."

"నలభై ఏడు," అన్నాడు, తల తిప్పకుండానే.

"నలభై ఆరు. నా దగ్గర రాసి ఉంది."

"నీ దగ్గర ఏం రాసుందో నాకు తెలవదు. నాకు వచ్చినయ్యి నలభై ఏడు," అని గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె దించాను. చిన్ననాటి నోటుపుస్తకాలన్నీ వరుస అంకెలు వేసి దాచుకున్నాను. అయిదో తరగతిది పదకొండోది. ఆ గురువారం గోడ మీది కాగితం చూసి అందరి మార్కులూ అందులో ఎక్కించుకున్న పుట దొరికింది. పక్కవాడి హిందీకి ఎదురుగా నలభై ఆరు అని స్పష్టంగా ఉంది. గెలిచాననుకుని కళ్ళజోడు తీయబోయాను. అంతలో ఆ అంకె చుట్టూ కాగితం వేరుగా కనిపించింది. పుటను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాను. ఆరు ఉన్నచోట కాగితం పలచబడి ఉంది. పెన్సిలు చెక్కుకునే బ్లేడుతో అక్కడ గీకారు. ఆరు కింద, మాసినా చెరగని ఏడు.

ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికీ చూపించలేదు కూడా. నేనొక్కణ్ణే చదువుకునే పుస్తకంలో, సీటు నాదయ్యాక కూడా, వాడి నుంచి ఇంకొక మార్కు కోసుకున్నాను. ఆ తర్వాత దాన్నే ఆధారమని నమ్మాను.

మా శాఖలో తప్పు అంకెను గీకి చెరపకూడదు. తప్పు కనిపించేలా ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన సంతకం చేసి తేదీ వేయాలి. ముప్పై ఆరేళ్ళు కింది ఉద్యోగులకు నేర్పిన పద్ధతి. ఎరుపు కలం తీసి ఆరు మీద గీత కొట్టాను. నలభై ఏడు వేశాను. సంతకం చేసి తేదీ కూడా వేశాను.

శుభ్రంగా రాయడానికి ఇంటికి తెచ్చుకున్న తీర్మానాల పుస్తకం కూడా బల్లమీదే ఉంది. అవును కింద ఇరవై తొమ్మిది అని దిద్దవచ్చునా అని కొంతసేపు ఆలోచించాను. దిద్దలేదు. చెయ్యెత్తవలసిన వేళ నేను ఎత్తలేదు; లెక్క అలాగే ఉండాలి.